చిన్న క్రిస్మస్ కేకులు – నాలుగో పాఠం: కానుకగా ముస్తాబు చేయడం

గత పాఠంలో "కేకు పూర్తిగా చల్లారాక చుట్టి పెట్టండి" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. చాలామంది కొంప ముంచింది ఆ వాక్యమే. కేకు పైభాగం జిగురుగా మారిందని కొందరు, వారం తిరగకుండానే బూజు పట్టిందని మరికొందరు తెలియజేశారు. పెట్టెలు, రిబ్బన్ల సంగతి మొదలుపెట్టే ముందు ఈ తడి సంగతి తేల్చుకోవాలి.

ఎండు ద్రాక్ష, టూటీ ఫ్రూటీ, నారింజ తొక్క నిండిన కేకు స్పాంజి కేకులా గుల్లగా ఉండదు. అందువల్ల పది సెంటీమీటర్ల చిన్న కేకైనా, అరచేతికి చల్లగా తగిలిన తరువాత కూడా నడుమ వెచ్చదనం మిగిలే ఉంటుంది. ఆ వెచ్చదనానికి బయటికి వచ్చే ఆవిరి, చుట్టిన ప్లాస్టిక్ కవరుకు తగిలి, నీటి బొట్లుగా మారి తిరిగి కేకు మీదే పడుతుంది. బూజుకు కావలసింది ఆ తడే. వేడి అన్నాన్ని డబ్బాలో పెట్టి బిగిస్తే మూత లోపల నీళ్లు పట్టడం రోజూ చూస్తున్నవారు కూడా కేకు దగ్గరికి వచ్చేసరికి తొందరపడటం నాకు విసుగు తెప్పిస్తుంది. శుభ్రమైన సన్నటి స్టీలు చువ్వను కేకు నడుమకు గుచ్చి, పది సెకన్లు ఉంచి, తీసి పెదవికి ఆనించండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆగవలసిందే. నేనైతే చువ్వ జోలికి పోను. సాయంత్రం దింపిన కేకును జాలీ స్టాండు మీద పలుచటి బట్ట కప్పి రాత్రంతా వదిలేస్తాను. డిసెంబరులో హైదరాబాదు రాత్రులు చల్లగా, పొడిగా ఉంటాయి కనుక ఉదయానికి పని పూర్తవుతుంది.

ఫ్రిజ్‌లో నుంచి తీసిన కేకును వెంటనే విప్పి పెట్టెలో పెట్టినా ఇదే ముప్పు. గదిలోని తేమ చల్లటి కేకు మీద చెమటలా పట్టి, పైన చల్లిన ఐసింగ్ షుగర్‌ను మరకలుగా కరిగిస్తుంది. అందుకే కేకును చుట్టినది చుట్టినట్టే బయట ఉంచి, చల్లదనం పూర్తిగా పోయాకే విప్పాలి. అసలు ఈ కేకును ఫ్రిజ్‌లో ఎందుకు పెడతారో నాకు అంతుబట్టదు.

ఇక చుట్టడం. ముందు బటర్ పేపరు, దానిపైన అల్యూమినియం ఫాయిలు. పండ్లలోని పులుపు ఫాయిలును తినేస్తుంది కాబట్టి ఆ రెండింటి వరుస మార్చకూడదు. వార్తాపత్రికను అసలు వాడవద్దు. ఆహారాన్ని అందులో చుట్టడాన్ని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి.

పెట్టెలు, కేకు కింద పెట్టే అట్టలు బేగంబజారులో దొరుకుతాయి. కేకు కింది అట్ట, పెట్టె అడుగుకు సరిగ్గా సరిపోవాలి.

రిబ్బను కొలతను ఊహకు వదలవద్దు. 12 సెంటీమీటర్ల చదరపు పెట్టె ఎత్తు 8 సెంటీమీటర్లయితే, అడ్డంగా, నిలువుగా చుట్టి రావడానికి 80 సెంటీమీటర్లు, ముడికీ పువ్వుకూ మరో 45, మొత్తం 125 సెంటీమీటర్లు పడుతుంది. తెల్లటి ఐసింగ్ చుట్టూ ఎర్ర రిబ్బను కట్టేవారు రంగు దిగకుండా కింద బటర్ పేపరు పట్టీ వేయాలి. గుండుసూదులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ గుచ్చవద్దు. నా మటుకు నాకు బేకరీవాళ్లు కట్టే పురికొసే అందంగా కనిపిస్తుంది.

చీటీ మీద శుభాకాంక్షల కన్నా ముందు గుడ్డు, రమ్ము, జీడిపప్పు, బాదం ఉన్నదీ లేనిదీ, చేసిన తేదీ రాయండి. పొరుగున శాకాహారులు, ముస్లిం మిత్రులు ఉన్న ఊరు మనది. కాల్చినప్పుడు రమ్ము ఎగిరిపోతుందిలే అని సర్దిచెప్పడం మర్యాద కాదు. అది పూర్తిగా పోదు కూడా. వారికి నారింజ రసంలో నానబెట్టిన పండ్లతో, శాకాహారులకైతే గుడ్డు కూడా లేకుండా, విడిగా చేయండి. రమ్ము లేని కేకు తక్కువ రోజులు నిలుస్తుంది కనుక దానిని ముందుగా పంచాలి. స్టీలు గిన్నెలో పెట్టి ఇస్తే, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని వారు ఏదో ఒకటి వండవలసి వస్తుంది. అట్టపెట్టెతో ఆ భారం ఉండదు.

అభ్యాసం: ఒక కేకును పూర్తిగా ముస్తాబు చేసి, స్కూటరు మీద మీ ఇంటి నుంచి సికింద్రాబాద్ స్టేషను దాకా తీసుకువెళ్లి, తిరిగి తెచ్చి విప్పి చూడండి. సీటు కింద డిక్కీలో పెట్టవద్దు, అక్కడ ఇంజను వేడి తగులుతుంది. కేకు ఒక మూలకు జరిగి ఉంటే అట్ట చిన్నదైందన్నమాట. మూతకు ఐసింగ్ అంటుకుంటే పెట్టె ఎత్తు చాలలేదన్నమాట. ఆ కేకును ఇంట్లోనే తినేసి, సరిచేసిన కొలతలతో కానుకకు మరొకటి కట్టండి.