ఫాల్ కుట్టిన ‘కొత్త’ చీర వెనక్కొచ్చింది: ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు దొంగ రిటర్న్‌లతో ఎలా వేగాలి

పోయిన దసరా ముందు అమ్మిన వెంకటగిరి కాటన్ చీర ఒకటి ‘రంగు నచ్చలేదు’ అన్న కారణంతో తిరిగొచ్చింది. డబ్బా మాదే. టేపు మాత్రం మాది కాదు, మేం వేసిన బ్రౌన్ టేపు మీద ఎవరో తెల్ల టేపు ఇంకో చుట్టు చుట్టారు. విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల బాగా కట్టి ఉతికిన నైలాన్ చీర, దానికి ఫాల్ కూడా కుట్టి ఉంది! 2,900 రూపాయల చీర పోయి ఇల్లు తుడుచుకోవడానికి ఒక గుడ్డ మిగిలింది. ప్యాకింగ్ వీడియో ఉంది కదా అని, నష్టం కట్టివ్వమంటూ అమ్మకాల సైటు వాళ్లకి ధీమాగా క్లెయిమ్ పెడితే కొట్టేశారు. ఎందుకంటే నేను తీసింది రెండు ముక్కలు, ఒకదాంట్లో చీర డబ్బాలో పెడుతున్నాను, ఇంకోదాంట్లో లేబుల్ అంటిస్తున్నాను. ఆ డబ్బా, ఈ డబ్బా ఒకటే అనడానికి రుజువేంటి అన్నారు. ఒళ్లు మండింది గానీ, నిదానంగా ఆలోచిస్తే వాళ్లు అడిగినదాంట్లో తప్పు లేదు.

నెల్లూరులో ఇంటి ముందుగదిలో కూర్చుని చీరలూ, ఉదయగిరి చెక్క గరిటెలూ అమ్ముకునే నాకు అప్పుడు తెలిసొచ్చింది, ఈ గొడవ రిటర్న్ వచ్చాక తేలేది కాదు, ప్యాకింగ్ బల్ల దగ్గరే తేలిపోతుందని. మన మొహం కూడా తెలియని మనిషి ఎక్కడో కూర్చుని రోజంతా క్లెయిమ్‌లు తిరగేస్తుంటాడు, అతనికి ఒక్క నిమిషంలో అర్థం కావాలి.

కాబట్టి ముందు వీడియో సంగతి. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, బల్లకి బిగించే స్టాండు ఒకటి కొని పైనుంచి కిందికి చూసేలా పెట్టండి. రికార్డింగ్ మొదలయ్యాక అంతా అయ్యేదాకా ఆపకూడదు, డబ్బా ఫ్రేమ్ దాటి పోకూడదు. మొదట లేబుల్‌ని కెమెరాకి దగ్గరగా తెచ్చి ఆర్డర్ నంబరు, ఏడబ్ల్యూబీ నంబరు (కొరియర్ ట్రాకింగ్ నంబరు) చదవగలిగేలా రెండు మూడు సెకన్లు కదలకుండా ఉంచండి. తర్వాత సరుకు అటూ ఇటూ తిప్పి చూపించాలి, చీరైతే కొంగు, అంచు, లోపలి మడత. ఖాళీ డబ్బా లోపల చూపించి, సరుకు పెట్టి, మూసి, టేపు వేసి, లేబుల్ అంటించి, ఆ మూసిన డబ్బాని డిజిటల్ తూకం మీద పెట్టి అంకె కనపడనివ్వండి. ఫ్రంట్ కెమెరాతో తీయకండి, కొన్ని ఫోన్లలో అక్షరాలు తిరగబడి వస్తాయి, నేను మొదటి వారం తీసినవన్నీ అలాగే తగలబడ్డాయి. ఫైలు పేరు ఆర్డర్ నంబరే పెట్టుకోండి, లేకపోతే వెతికేటప్పుడు ఏడుపొస్తుంది. ఎన్నాళ్లు దాచాలంటే, ఆరు నెలలు. కార్డుతో కట్టిన డబ్బుల మీద బ్యాంకు వైపు నుంచి వచ్చే వివాదాలు చాలా వాటికి 120 రోజుల దాకా గడువుంటుంది, నెలకోసారి ఫోన్ ఖాళీ చేసేవాళ్లు అక్కడే దొరికిపోతారు.

తూకాన్ని తక్కువ అంచనా వేయకండి. ఆ చీర డబ్బాతో కలిపి వెళ్లినప్పుడు 540 గ్రాములు, వచ్చినప్పుడు 390. కొరియర్ వాళ్లు కూడా దారిలో తూకం వేస్తారు కాబట్టి వాళ్ల అంకె, మన అంకె పక్కపక్కన పెట్టొచ్చు. దాంతో పాటు ఒక గుర్తు కూడా ఉండాలి. నేను చీర లోపలి మూలలో, ఎవరి కంటా పడనిచోట, ఆకుపచ్చ దారంతో రెండు కుట్లు వేస్తాను, ప్యాకింగ్ వీడియోలో ఒక్కసారి చూపిస్తాను. కొంగు దగ్గర, కట్టుకుంటే బయటికి కనిపించే చోట, ఒకసారి తెంపితే మళ్లీ తగలని ప్లాస్టిక్ ట్యాగ్ వేస్తాను. పెళ్లికి కట్టుకుని ఫోటోలు దిగి, పెళ్లయ్యాక వెనక్కి పంపే వాళ్లున్నారే, వాళ్లకి ఇదే మందు.

రిటర్న్ తీసుకునేటప్పుడు అసలు చిక్కు మొహమాటం. కొరియర్ అబ్బాయి బండి దిగకుండానే “అన్నా, ఇంకా నలభై ఉన్నాయి, ఓటీపీ చెప్పన్నా” అంటాడు, అది చెప్తే రిటర్న్ మనకి అందినట్టే లెక్క. రొట్టెల పండగ రోజుల్లో అయితే దర్గామిట్ట వైపు ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చి ఉంటాడు, పాపం, చూస్తే జాలేస్తుంది. అయినా సరే “రెండు నిమిషాలు ఉండబ్బా” అనాలి. విప్పకముందే డబ్బా ఆరు వైపులా వీడియో తీయండి, లేబుల్, టేపు, చిరుగులు, తూకం అన్నీ అందులోనే రావాలి, ఆపకుండా అదే వీడియోలో విప్పండి. డబ్బా చిరిగి ఉన్నా, టేపు మారినా, ఓటీపీ చెప్పకముందే అబ్బాయి చేత యాప్‌లో ‘డ్యామేజ్’ అని కొట్టించండి, అలాంటి ఆప్షన్ లేదంటే అతను నిలబడి ఉండగానే సమయంతో సహా ఫోటో తీసి ఆ సైటులోని మీ సెల్లర్ ప్యానెల్‌లో కంప్లైంట్ పెట్టేయండి. ప్రతిదానికీ కస్టమర్‌నే అనుమానించకండి కూడా. పార్సిళ్లు వేరుచేసే కొరియర్ హబ్‌లో రెండు రిటర్న్‌లు తారుమారవడం మామూలే. ఒకసారి మా గరిటెల బదులు చంటిపిల్లల చెప్పులొచ్చాయి, ఎవరో అమ్మకందారు మా గరిటెలు చూసుకుని ఏమనుకున్నారో!

క్లెయిమ్ రిటర్న్ వచ్చిన రోజే పెట్టేయాలి. ఈ క్లెయిమ్‌ని అమెజాన్‌లో సేఫ్-టీ అంటారు, ఫ్లిప్‌కార్ట్‌లో ఎస్‌పీఎఫ్ అంటారు, గడువులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, మారుతూ ఉంటాయి కూడా, అందుకే మీ ప్యానెల్‌లో ఇవాళ ఏం రాసుందో అదే చూసుకోండి. రాసేటప్పుడు కస్టమర్‌ని దొంగ, మోసగాడు అనొద్దు. “పంపింది నీలం కాటన్ చీర, 540 గ్రాములు, ప్యాకింగ్ వీడియో 0:40 దగ్గర. వచ్చింది ఫాల్ కుట్టిన పాత నైలాన్ చీర, 390 గ్రాములు, రిటర్న్ వీడియో 0:25 దగ్గర. టేపు మారింది, ఫోటో 2.” ఇంతే చాలు. మొదటిసారి కొట్టేస్తే ఊరుకోకుండా అప్పీల్ చేయండి, కానీ పంపిందే మళ్లీ పంపితే సమాధానం కూడా అదే వస్తుంది, ఏదో ఒకటి కొత్తగా జోడించండి.

వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో సొంతంగా అమ్మేవాళ్లకి వచ్చే తలనొప్పి వేరు, ‘పార్సిల్ అందలేదు’. దీనికి ఓటీపీ డెలివరీని మించింది లేదు. 2025 అక్టోబరు నుంచి స్పీడ్ పోస్టులో కూడా ఈ వసతి ఉంది, పార్సిల్‌కి 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అందలేదని మెసేజ్ రాగానే డబ్బు వెనక్కి ఇచ్చేయకండి, కొరియర్ దగ్గర డెలివరీ రుజువు అడగండి, ఎవరు తీసుకున్నారు, ఏ టైముకి అని. సగం సార్లు వాచ్‌మన్ దగ్గరో, ఎదురింటి ఆంటీ దగ్గరో ఉంటుంది. క్యాష్ ఆన్ డెలివరీ అయితే ముందు 100 రూపాయలు అడ్వాన్సు తీసుకోండి, తీసుకునే ఉద్దేశం లేనివాళ్లు అక్కడే జారుకుంటారు. ఇక పేమెంట్ స్క్రీన్‌షాట్‌ని నమ్మి సరుకు కట్టడం మానేయండి, మీ బ్యాంకు ఖాతాలో డబ్బు పడితేనే పడినట్టు.

‘విరిగిపోయింది’ అని ఫోటో పెడితే కొంచెం ఆగండి. ఇప్పుడు ఏఐతో గరిటెకి పగులు పెట్టడం నిమిషం పని. విరిగిన సరుకు, డబ్బా మీది లేబుల్ ఒకే ఫ్రేములో కనిపించేలా చిన్న వీడియో మర్యాదగా అడగండి. నిజంగా విరిగినవాళ్లు వెంటనే పంపుతారు.

కోపంలో చాలామంది ‘నో రిటర్న్, నో రిఫండ్’ అని పేజీ మీద రాసేస్తారు. అది చెల్లదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకులో లోపం ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి అందినా వెనక్కి తీసుకోనని మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాడు అనకూడదు. కస్టమర్ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. అలాగే మోసం చేసినవాళ్ల ఫోటో, నంబరు గ్రూపుల్లో తిప్పకండి, చివరికి కేసు మన మీదే పడొచ్చు. డబ్బు విషయంలో ఆన్‌లైన్ మోసం జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సరుకు మార్చి పంపడం ఒకే చిరునామా నుంచి మళ్లీ మళ్లీ జరుగుతుంటే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. మోసానికి పాత 420 సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. వీడియో అసలు ఫైలు ఫోన్‌లో అలాగే ఉంచండి, వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

అన్నిటికీ ఇంత చేయాలా అంటే, అక్కర్లేదు. 250 రూపాయల గరిటెల సెట్టు కోసం ఒక మధ్యాహ్నమంతా అప్పీళ్లు రాస్తూ కూర్చుంటే ఆ పూట ప్యాకింగ్ పోతుంది. అలాంటివి వదిలేసి, ఆ పేరు, పిన్‌కోడు ఒక షీట్‌లో రాసుకుంటాను, సొంతంగా అమ్మేటప్పుడు అదే చిరునామా మళ్లీ వస్తే ముందే మొత్తం డబ్బు కట్టమంటాను. చీరైతే మాత్రం వదలను.