పడమటి ఎండకు కదిలే రెక్కలు: ఆర్కిటెక్చర్ విద్యార్థులకు రోబోటిక్స్ తొలిపాఠం

విజయవాడలో ఆర్కిటెక్చర్ క్లాసుకు తెలుగు మీడియం నుంచి, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ కుటుంబాల నుంచి వచ్చిన తొలితరం విద్యార్థులుంటే, రోబోటిక్స్‌ను పడమటి గోడతో మొదలుపెట్టండి. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటల వేళ ఎండ ఆ గోడను ఎలా కాలుస్తుందో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఊరు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటివారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దక్షిణం కిటికీకి చిన్న సజ్జ చాలు. పడమటి కిటికీలో మాత్రం పొద్దు వాలేకొద్దీ ఎండ సజ్జ కిందనుంచి దూరుతుంది. అక్కడ ఎండను అడ్డుకునే నిలువు రెక్కలు కావాలి, తిరిగేవి. వాటి చిన్న నమూనాయే ఈ పాఠం.

ముగ్గురికి ఒక కిట్: ఆర్డ్వినో ఊనో (కోడ్ ఎక్కించే చిన్న సర్క్యూట్ బోర్డు), ఎస్‌జీ90 సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) రెండు, ఎల్‌డీఆర్ (వెలుగు పెరిగితే నిరోధం తగ్గే సెన్సర్), 470 ఓముల రెసిస్టర్, 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్, 3 మి.మీ. సన్‌బోర్డు (ప్లాస్టిక్ నురుగు అట్ట), నాలుగు సైకిల్ చువ్వలు. ఖర్చు కాలేజీయే పెట్టుకోవాలి. రెండో సర్వో అదనంగా ఉంచుకోవడానికి, ఎందుకంటే కరెంటు ఉండగా చేత్తో తిప్పితే ప్లాస్టిక్ పళ్లు అరిగిపోతాయి.

15 × 4 సెం.మీ. రెక్కలు నాలుగు కోసి, చువ్వలకు అతికించి, ఒకే పట్టీతో కలపండి. చువ్వలు దూరే రంధ్రాలు 2.5 మి.మీ. ఉండాలి. వేలికొసతో నెడితే నాలుగూ కలిసి కదలాలి. తర్వాత ఆ పట్టీని సర్వో చేతికి తగిలించండి. రెక్కలు బిగుతుగా ఉంటే సర్వో గుర్రుమంటూ వేడెక్కుతుంది.

ఎల్‌డీఆర్ ఒక కాలు బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకు, రెండోది ఏ0కు (వోల్టేజిని 0 నుంచి 1023 దాకా అంకెగా చదివే పిన్ను). ఏ0 నుంచి గ్రౌండ్‌కు (సున్నా వోల్టుల పిన్ను) రెసిస్టర్. మామూలుగా వాడే 10 కిలో ఓములు పెడితే ఎండలో రీడింగు 1000 దాటి అక్కడే నిలిచిపోతుంది. సర్వోకు కరెంటు అడాప్టర్ నుంచి ఇచ్చి, అడాప్టర్, బోర్డు గ్రౌండ్లు కలపండి. బోర్డు నుంచే ఇస్తే రెక్క కదలగానే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ కావచ్చు. అసలే బెరుకుగా ఉన్న విద్యార్థి అది తన తప్పే అనుకుంటాడు. అందుకే ఈ లోపాన్ని ముందే, అందరి ముందు, మీరే చేసి చూపించండి.

కోడ్‌కు ముందు తెలుగులో రాయించండి: "రీడింగు 700 దాటితే మూయి, 550కి తగ్గితే తెరువు." అంకె ఒక్కటే పెడితే మబ్బు కదిలినప్పుడల్లా రెక్కలు కొట్టుకుంటాయి. ఆ అంకెలు కిటికీ దగ్గర వాళ్లే కొలిచి సరిచూసుకోవాలి.

కీబోర్డు ప్రతి 20 నిమిషాలకూ చేతులు మారాలి. లేకపోతే సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడే కోడ్ రాస్తాడు, మిగతా ఇద్దరూ అట్టలు కోస్తూ ఉండిపోతారు. ల్యాబు క్లాసు వేళల్లోనే ముగించండి. సాయంత్రం పెడితే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు బస్సు కోసం మధ్యలోనే లేస్తారు.

పరీక్షగా ముగ్గురినీ విడివిడిగా అడగండి: ఎల్‌డీఆర్ ఊడదీస్తే రెక్కలు ఏమవుతాయి? ఏ0 సున్నాకు పడుతుంది, రెక్కలు తెరుచుకుంటాయి. తెలుగులో చెప్పినా పూర్తి మార్కులు వేయండి.