స్పానిష్ క్రియలు నాకు ఎలా లొంగాయంటే

మూడు వారాలు పట్టికలు బట్టీ పట్టాను. నోరు తెరిస్తే మాత్రం ‘యో ఆబ్లార్’ అనే వచ్చేది. అంటే ‘నేను మాట్లాడుట’!

చిక్కు విడింది తెలుగు వల్లే. ‘మాట్లాడతాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. మాట్లాడేది ఎవరో చివరి ‘ను’ చెప్పేస్తుంది. స్పానిష్‌దీ అదే తీరు. వర్తమాన కాలానికి ‘ఆబ్లార్’లో ‘ఆర్’ తీసేసి ఆబ్లో (నేను), ఆబ్లాస్ (నువ్వు), ఆబ్లా (అతడు, ఆమె), ఆబ్లామోస్ (మేము, మనం), ఆబ్లాయిస్ (మీరంతా), ఆబ్లాన్ (వాళ్లు) అనాలి. సర్వనామం మానేసి ఈ తోకలతోనే రోజూ పది వాక్యాలు పలికాను.

‘కోమేర్’ (తినుట), ‘వివిర్’ (జీవించుట) లాంటి ‘ఎర్’, ‘ఇర్’తో ముగిసే క్రియలకు వేరే పట్టికలు రాసుకోవడం నా తెలివితక్కువ. వాటికి తేడా రెండు చోట్లే: కోమేమోస్–వివీమోస్ (మేము, మనం), కోమేయిస్–వివీస్ (మీరంతా). మిగతా తోకలు ఒక్కటే.

మర్యాదగా ‘ఉస్తేద్’ అన్నప్పుడు మన ‘మీరు’ అలవాటుతో బహువచనం వాడేవాణ్ని. అక్కడ ఏకవచనమే, ‘ఆబ్లా’.

ఇంకొకటి: ‘ఆబ్లో’లో మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి. చివరిది ఒత్తితే ‘అతడు మాట్లాడాడు’ అయిపోతుంది. ఇది నన్ను ఇప్పటికీ తికమకపెడుతుంది.