కెరటోకోనస్: కార్నియా మందం ఉండగానే ఆపాలి

పదిహేనేళ్ల పిల్లలకు ఆరు నెలలకోసారి సిలిండర్ పవర్ మారుతున్నా, కొత్త అద్దాలు పెట్టాక కూడా అక్షరాల పక్కన నీడలు కనిపిస్తున్నా మళ్లీ అద్దాల షాపుకి వెళ్లొద్దు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఆకారాన్ని కొలిచే స్కాన్, అంటే టోపోగ్రఫీ, తీసే కంటి ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇది కెరటోకోనస్ కావచ్చు. ఈ జబ్బులో కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది, మొదలైన కొత్తలో మామూలు సైటు పరీక్షకు దొరకదు.

సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు స్కాన్‌కి కనీసం రెండు వారాల ముందే వాటిని మానేయాలి. లేకపోతే లెన్సు నొక్కిన ఆకారమే రిపోర్టులో వస్తుంది. అందులో రెండు అంకెలు అడిగి తెలుసుకోండి: కేమ్యాక్స్ (కార్నియా అన్నిటికన్నా ఎక్కువ వంపు తిరిగిన చోట ఆ వంపు కొలత, డయాప్టర్లలో), అన్నిటికన్నా పలచని చోట మందం. ఏడాదిలో కేమ్యాక్స్ 1 డయాప్టర్ పెరిగితే సాధారణంగా జబ్బు ముదురుతున్నట్టే లెక్క. పాత రిపోర్టులు దాచి, వీలైనంతవరకు అదే మెషీన్ మీద మళ్లీ తీయించండి. పిల్లల్లో ఇది వేగంగా ముదురుతుంది కాబట్టి ఏడాది ఆగడం ప్రమాదం.

ఈలోపు కళ్లు నులుముకోవడం పూర్తిగా ఆగాలి. దురదకు మూలం చాలామందిలో ఎలర్జీ. చన్నీళ్ల గుడ్డ వేయండి, డాక్టర్ రాసిన ఎలర్జీ చుక్కలు వాడండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వద్దు. నెలల తరబడి వాడితే గ్లాకోమా, శుక్లం రావచ్చు.

ముదురుతోందని తేలితే చికిత్స క్రాస్‌లింకింగ్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపొందిన అసలు పద్ధతిలో కార్నియా పైపొర తీసి, 30 నిమిషాలు రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి, మరో 30 నిమిషాలు అతినీలలోహిత కాంతి పెడతారు. దాంతో కార్నియాలోని కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. పైపొర తీశాక మందం 400 మైక్రాన్లయినా ఉండాలి, లేదంటే ఆ కాంతి లోపలి కణాలను దెబ్బతీస్తుంది. అంతకన్నా పలచనైతే పద్ధతి మార్చాల్సి వస్తుంది. ఆలస్యం చేయొద్దనేది ఇందుకే.

తర్వాత రెండు మూడు రోజులు నొప్పి, నీరు కారడం మామూలే. పైపొర మానేదాకా కట్టులా కాపాడే బ్యాండేజ్ లెన్సు కంటి మీద ఉంటుంది; కంట్లో నీళ్లు పడనీయకండి, చుక్కలు ఒక్కపూట కూడా మానకండి. తగ్గాల్సిన నొప్పి పెరిగినా, తెల్లమచ్చ కనిపించినా ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే వెళ్లాలి.

క్రాస్‌లింకింగ్ జబ్బును ఆపడానికే, చూపు కోసం అద్దాలో, ఆర్‌జీపీ (గాలి ఆడే గట్టి కాంటాక్ట్ లెన్సు) లేదా స్క్లెరల్ (కంటి తెల్లభాగం మీద ఆనే పెద్ద లెన్సు) లెన్సులో అవసరమవుతాయి. లెన్సుతో బాగా కనిపిస్తోందని స్కాన్లు మానేస్తే లోపల ముదిరేది తెలియదు. అద్దాలు తీసేయడానికి చేసే లేజర్ ఆపరేషన్ లేసిక్ జోలికి అసలు వెళ్లొద్దు, అది కార్నియాను ఇంకా పలచన చేస్తుంది. ఈ జబ్బు ఒకే కుటుంబంలో మరొకరికీ రావచ్చు కాబట్టి తోబుట్టువులకు చూపు బాగానే ఉన్నా ఒకసారి టోపోగ్రఫీ తీయించండి.