1941 నమూనా ఫ్లయింగ్ గ్లోవ్స్: తెల్లపొర, చిలుము, పట్టేసిన జిప్

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్లు వేసుకున్న 1941 నమూనా తోలు గ్లోవ్స్‌ని ఇప్పుడు అచ్చం అలాగే కొత్తగా కుట్టి అమ్ముతున్నారు. గోధుమ రంగు తోలు, మణికట్టు దాటి పైకి వచ్చే పొడవు, దాని మీద ఏటవాలుగా జిప్. నా జత విశాఖలో బీరువాలో ఉంటుంది. సముద్రపు గాలికి వానాకాలం తోడైతే తోలు ఏమవుతుందో దాన్ని చూసే నేర్చుకున్నాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ఏ సమస్య వచ్చినా ముందు నూనె రాయకండి.

తోలు మీద తెల్లగా పేరుకుంది

ఇది రెండు రకాలు. ఒకటి బూజు, రెండోది తోలు లోపలి కొవ్వు పైకి తేలడం. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. మొదటిసారి నేను బూజనుకుని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను, వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. తేల్చుకోవాలంటే హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో పెట్టి, జానెడు దూరం నుంచి కొన్ని సెకన్లు గాలి తగలనివ్వండి. కొవ్వయితే కళ్ళముందే కరిగి మాయమవుతుంది. బూజు కదలదు, పైగా ముక్కవాసన వేస్తుంది.

కొవ్వు రావడానికి కారణం తోలు పదును చేసేటప్పుడు పట్టించిన కొవ్వు, ఆపైన మనం మోజుకొద్దీ రాసిన క్రీమ్. వేడి తగిలించి పొడిగుడ్డతో తుడిచి, కొన్నాళ్ళు క్రీమ్ మానేయండి.

బూజయితే ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. సర్జికల్ స్పిరిట్, నీళ్ళు సమానంగా కలిపి, గుడ్డని అందులో ముంచి గట్టిగా పిండి తుడవండి. రంగు ఊడుతుందేమో ముందు లోపలి అంచున చూసుకోండి. ఆరబెట్టడం ఫ్యాన్ కిందే, ఎండలో వద్దు. దాచేది ప్లాస్టిక్ కవర్లో కాదు, నూలు సంచిలో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో. కలరా ఉండలు పురుగుల కోసం, బూజుని ఆపవు.

జిప్ పక్కన ఆకుపచ్చటి జిగురు, జిప్ కదలదు

చిలుము. ఇత్తడిలోని రాగికి తోలులోని కొవ్వు తగిలి పుడుతుంది. నూనె వేస్తే ఇంకా పెరుగుతుంది. టూత్‌పిక్‌తో పన్ను పన్నుకీ గీకి, పొడి దూదితో తుడిచి, పళ్ళ మీద పెన్సిల్ ములికి రుద్దండి. నాకు గంట పట్టింది, జిప్ మాత్రం ఇప్పుడు సాఫీగా నడుస్తోంది.

చేతులకు రంగు అంటుతోంది, లోపల వదులుగా ఉంది

తోలు పీల్చుకోని రంగు పైనే ఉండిపోయింది. రంగు అంటడం తగ్గేదాకా తెల్లటి పొడి నూలుగుడ్డతో రుద్దండి. వదులు లోపం కాకపోవచ్చు. 30,000 అడుగుల ఎత్తున చలి సుమారు మైనస్ 44 డిగ్రీలు, అందుకే పైలట్లు లోపల పట్టు గ్లోవ్స్ వేసుకునేవారు. మీరూ పల్చటివి వేసుకోండి, రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

తడిసి బిరుసెక్కింది

గబగబా ఆరబెట్టడమే కారణం. మళ్ళీ కొంచెం చెమ్మ చేసి, తొడుక్కుని, వేళ్ళు ముడుస్తూ చాస్తూ ఉండండి. నీడలో ఆరాక చిటికెడు క్రీమ్ రాయండి. పొయ్యి దగ్గర పెట్టి ముడుచుకుపోయిన తోలు తిరిగి రాదు.

వేళ్ళ మధ్య కుట్టు విడిపోయింది

మైనం పట్టించిన దారంతో పాత రంధ్రాల్లోంచే కుట్టాలి. కొత్తవి పొడిస్తే తోలు ఆ వరసలోనే చిరుగుతుంది. చెప్పులు కుట్టే ఆయనకి ఇస్తుంటే, ఆరె (రంధ్రాలు పొడిచే పనిముట్టు) వాడొద్దని, సన్నసూదితో కుట్టమని ముందే చెప్పండి.