జరిపిన ఫొటో మధ్యలో ఇరుక్కుంటే

తిరుపతిలో మా బావ లాడ్జికి రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వెబ్‌సైట్ చేశాను. గదుల ఫొటోలు వేలితో పక్కకి జరిపి చూడాలి. ల్యాప్‌టాప్‌లో మౌస్‌తో బ్రహ్మాండంగా వచ్చింది. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ బావ తన ఫోన్‌లో జరిపితే, ఫొటో సగం వచ్చి అక్కడే ఇరుక్కుంది. "ఏంది బామ్మర్దీ, ఇట్లా నిలిచిపోయిందే?" అన్నాడు.

వేలు కాస్త వాలుగా కదిలితే చాలు, బ్రౌజర్ దాన్ని పేజీ స్క్రోల్ అనుకుని తనే తీసేసుకుంటుంది. ఫొటోలు చూపించే మన కాంపొనెంట్‌కి (పేజీలో ఆ ముక్కని నడిపే కోడ్) 'పాయింటర్ క్యాన్సిల్' అని, అంటే 'ఈ వేలి కదలిక ఇక నీది కాదు' అని, ఒక కబురు పంపి ఊరుకుంటుంది. నేనేమో వేలు ఎత్తినప్పుడు వచ్చే 'పాయింటర్ అప్' కోసం కాచుకుని కూర్చున్నాను. అది ఇక రాదు.

ఫొటోలున్న డివ్‌కి (పేజీలోని డబ్బాకి) సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపం రాసే చోట, 'టచ్-యాక్షన్' విలువ 'ప్యాన్-వై' అని ఒక్క లైను పెట్టండి. నిలువు స్క్రోల్ బ్రౌజర్‌ది, అడ్డంగా జరపడం మనది. అయినా క్యాన్సిల్ వస్తే ఫొటోను మొదటి చోటికి పంపేయండి. మౌస్ వాడేవాళ్ల కోసం 'సెట్ పాయింటర్ క్యాప్చర్' కూడా పిలవాలి, అప్పుడు మౌస్ ఫొటో దాటి బయటికెళ్లినా కబుర్లు మనకే వస్తాయి. టచ్‌కి అది దానంతటదే జరుగుతుంది.

ఇంకొకటి, నాకు గంట తినేసింది. రియాక్ట్ 17 నుంచి వేలి కదలికను వినే 'ఆన్ టచ్ మూవ్' ప్యాసివ్‌గా (బ్రౌజర్‌ని ఆపే హక్కు లేకుండా) తగులుతుంది, అందులో స్క్రోల్‌ని ఆపే 'ప్రివెంట్ డీఫాల్ట్' రాసినా పనిచేయదు. తప్పదనుకుంటే రెఫ్‌తో ఆ డివ్‌ని నేరుగా పట్టుకుని, యూజ్ ఎఫెక్ట్‌లో (పేజీలో డివ్ కనిపించాక నడిచే కోడ్) 'ప్యాసివ్ ఫాల్స్'తో లిజనర్ (కదలికను వినే ఫంక్షన్) మీరే తగిలించండి. కాంపొనెంట్ పోయేటప్పుడు నడిచే క్లీనప్‌లో దాన్ని తీసేయడం మరిచిపోవద్దు.