పాత కారా, మైలేజీ కారా? 3వ పాఠం: అన్నిటినీ లీటర్లలోకి మార్చి చూద్దాం

కిందటి రెండు పాఠాల్లో మీకు ఇచ్చిన పనులు రెండే. ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించేదాకా తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించి అసలు మైలేజీ కనుక్కోవడం ఒకటి, ఏడాదికి మీరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో రాసుకోవడం రెండోది. ఆ అంకెలు దగ్గర పెట్టుకునే ఇది చదవండి. అవి లేకపోతే ఈ పాఠంలో లెక్క అర్థమవుతుంది గానీ మీ నిర్ణయం మాత్రం తేలదు.

చవగ్గా దొరికే పాత కారునీ, ఎక్కువ డబ్బు పోసి కొనే మైలేజీ కారునీ పోల్చేటప్పుడు చాలామంది ఒక పక్క ధర, ఇంకో పక్క మైలేజీ పెట్టుకుని ఏదో ఒకటి మనసుకు నచ్చిందాకా అటూ ఇటూ ఊగుతారు. ఊగక ఏం చేస్తారు, ఒకటి డబ్బు, ఇంకోటి కిలోమీటర్లు, రెండూ ఒకే కొలతలో లేవు. అందుకని అన్నిటినీ ఒకే కొలతలోకి తెద్దాం. కారు ధరను మీరు బంకులో లీటరు పెట్రోలుకు ఇచ్చే ధరతో భాగించండి, ఆ కారు ఎన్ని లీటర్ల ఖరీదో వస్తుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగు, లోను వడ్డీ కూడా అలాగే మార్చండి. ఇక అన్నీ కూడొచ్చు, తీసేయొచ్చు.

ముందు మైలేజీని తిరగేయాలి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది వదిలేసి, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుందో చూడండి. 100ని మైలేజీతో భాగిస్తే చాలు. లీటరుకు 10 ఇచ్చే కారు 100 కిలోమీటర్లకు 10 లీటర్లు తాగుతుంది, 12.5 ఇచ్చేది 8 లీటర్లు, 20 ఇచ్చేది 5, 25 ఇచ్చేది 4. ఇక్కడ కాస్త ఆగి చూడండి. మైలేజీ 10 నుంచి 12.5కి పెరిగితే 2 లీటర్లు మిగులుతున్నాయి. 20 నుంచి 25కి పెరిగితే, అంటే పెరుగుదల 2.5 బదులు 5, రెట్టింపులా కనిపించినా, మిగిలేది ఒక్క లీటరే. 2008లో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ సైన్స్ పత్రికలో చూపించింది ఇదే: గ్యాలనుకు ఇన్ని మైళ్లు అనే అంకెను చూసి జనం ఆదాను తప్పుగా అంచనా వేస్తున్నారని. మనకు లీటర్లయినా, కిలోమీటర్లయినా అదే తికమక. కాబట్టి బాగా తాగే బండిని వదిలించుకోవడంలో ఉన్న లాభం, ఇప్పటికే మంచి మైలేజీ ఇచ్చే బండిని ఇంకా మంచి మైలేజీ బండితో మార్చడంలో ఉండదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. అంకెలు నేర్చుకోవడానికి వేసినవే, తర్వాత మీ అంకెలు పెట్టుకోండి. పాత కారు ధర 2,500 లీటర్లు, లీటరుకు 10 ఇస్తుంది. మైలేజీ కారు ధర 9,000 లీటర్లు, లీటరుకు 20 ఇస్తుంది. రెండిట్లో ఏది కొన్నా 5 ఏళ్లు వాడి అమ్మేస్తారనుకుందాం.

ధరల తేడా 6,500 లీటర్లు కదా, దాన్ని ఏడాది ఆదాతో భాగిస్తే ఎన్నేళ్లకు గిట్టుబాటో తెలిసిపోతుంది అనిపిస్తుంది. తొందరపడకండి, కారు అమ్మినప్పుడు కొంత డబ్బు వెనక్కి వస్తుంది. మీ చేతిలోంచి నిజంగా పోయేది కొన్న ధర కాదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా. పాత కారు 5 ఏళ్ల తర్వాత 800 లీటర్లకు అమ్ముడైతే దాని మీద పోయింది 1,700. మైలేజీ కారు 4,500కి అమ్ముడైతే పోయింది 4,500. తేడా 2,800, ఏడాదికి 560 లీటర్లు. మైలేజీ కారు కొత్తదైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే కారు విలువ మొదటి ఏళ్లలోనే బాగా పడిపోతుంది. పాత కారుకు అసలు బలం ఇక్కడే ఉంది, పడిపోవాల్సిన విలువ చాలావరకు ముందు ఓనరు చేతిలోనే పడిపోయింది.

తర్వాత వడ్డీ. లోను తీసుకుంటే వడ్డీ కళ్లకు కనిపిస్తుంది, చేతి డబ్బు పెడితే కనిపించదు, కానీ ఆ డబ్బు ఇంకెక్కడైనా ఉంటే వచ్చే రాబడి పోయినట్టే. సగటున పాత కారులో 1,650 లీటర్ల డబ్బు, మైలేజీ కారులో 6,750 లీటర్ల డబ్బు ఇరుక్కుని ఉంటుంది (కొన్న ధర, అమ్మే ధర కూడి సగం చేయండి). తేడా 5,100. దాని మీద 8 శాతం అంటే ఏడాదికి సుమారు 400 లీటర్లు. ఇన్సూరెన్సు మైలేజీ కారుకు 150 లీటర్లు ఎక్కువ అనుకుందాం. పాత కారుకు రిపేర్లు 250 లీటర్లు ఎక్కువ అనుకుందాం. 560, 400, 150 కూడి 250 తీసేస్తే 860. అంటే మైలేజీ కారు ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా ఏడాదికి 860 లీటర్లు ఎక్కువ తింటోంది. రోడ్డెక్కిందంటే ప్రతి 100 కిలోమీటర్లకు 5 లీటర్లు మిగులుస్తోంది. 860ని 5తో భాగించి 100తో గుణిస్తే 17,200 కిలోమీటర్లు, ఇదే మన హద్దు. ఏడాదికి అంతకంటే తక్కువ తిరిగేవాళ్లకు పాత కారు లాభం, ఎక్కువ తిరిగేవాళ్లకు మైలేజీ కారు లాభం. మీరు రాసుకున్న కిలోమీటర్ల అంకెకు ఇంత విలువ ఎందుకిచ్చానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇందులో ఒక్క అంకె మార్చి చూడండి. పాత కారు 10 కాకుండా 14 ఇచ్చేదైతే 100 కిలోమీటర్లకు సుమారు 7.1 లీటర్లే తాగుతుంది, ఆదా 2.1కి పడిపోతుంది, అదే 860ని దానితో భాగిస్తే ఏడాదికి 40,000 కిలోమీటర్లు దాటితే తప్ప మైలేజీ కారు గిట్టదు. అందరూ పాతదా కొత్తదా అని రెండే దారులు చూస్తారు గానీ నా ఉద్దేశంలో ఈ మూడో దారి, అంటే పాతదే గానీ ఎక్కువ తాగని చిన్న కారు, తక్కువ తిరిగే కుటుంబాలకు అన్నిటికంటే మంచిది.

పెట్రోలు ధర మారితే? 2008 జులైలో పీపా 147 డాలర్ల దాకా వెళ్లిన ముడిచమురు అదే ఏడాది డిసెంబరుకు 40 డాలర్ల లోపుకు వచ్చింది, కాబట్టి ఈ రోజు ధరతోనే 5 ఏళ్ల లెక్క కట్టి ధీమాగా ఉండటం సరికాదు. లీటరు ధర 25 శాతం పెరిగిందనుకుంటే అదే డబ్బుకు తక్కువ లీటర్లు వస్తాయి కాబట్టి మన 860 లీటర్లు 688 అవుతాయి, హద్దు సుమారు 13,800 కిలోమీటర్లకు దిగుతుంది. 25 శాతం తగ్గితే దాదాపు 23,000కు ఎక్కుతుంది. మీ కిలోమీటర్లు ఈ రెండు హద్దులకూ బయట ఉంటే టెన్షన్ అక్కర్లేదు, ధర ఎటు కదిలినా మీ జవాబు మారదు. మధ్యలో ఉంటే మాత్రం డబ్బు లెక్కలో రెండు కార్లూ దాదాపు సమానమని ఒప్పుకుని, వేరే కారణాలతో తేల్చుకోండి.

కంపెనీ చెప్పిన మైలేజీని ఈ లెక్కలో పెట్టొద్దు. రోడ్డు మీద వచ్చేదానికీ టెస్టులో వచ్చేదానికీ పొంతన తగ్గిపోయిందనే యూరప్‌లో 2017 నుంచి ఎన్ఈడీసీ అనే పాత మైలేజీ పరీక్షను తీసేసి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష తెచ్చారు. హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో నడిచే మోటారు ఉన్న కారు) చూస్తున్నవాళ్లు ఇంకో సంగతి కూడా గమనించాలి: బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని అది బ్యాటరీలోకి తీసుకుంటుంది, అందుకే ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో దాని ఆదా బాగా కనిపిస్తుంది, హైవే మీద ఒకే వేగంతో పోతే అంత కనిపించదు.

రిపేర్లకు వేసిన 250 లీటర్లు మామూలు ఏడాదికి సరిపోతాయి. పాత కారుతో భయం మామూలు ఏడాది గురించి కాదు. ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా జతగా కదిలించే టైమింగ్ బెల్టు సమయానికి మార్చకపోతే అది తెగిన రోజున చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి మొత్తం ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. అలాంటిది 5 ఏళ్లలో ఒక్కసారి వచ్చి 1,500 లీటర్లు తీసుకెళ్తే ఏడాదికి 300 పడ్డట్టు, అప్పుడు 860 కాస్తా 560 అయి హద్దు 11,200 కిలోమీటర్లకు పడిపోతుంది. అంత పెద్ద ఖర్చు ఒకేసారి భరించగలరా అనేది కూడా చూసుకోండి, సగటు లెక్క బాగున్నా ఆ నెలలో చేతిలో డబ్బు లేకపోతే బండి షెడ్డులోనే ఉంటుంది.

లీటర్లలోకి మారనిది ఒకటుంది. జారేటప్పుడు బండిని అదుపులో ఉంచే ఈఎస్‌సీని అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. అంతకుముందు కార్లలో అది చాలావాటికి లేదు. ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ లేని కారును ఎంత చవగ్గా వచ్చినా, పిల్లల్ని ఎక్కించుకుని రోజూ హైవే మీద తిరిగేవాళ్లు కొనొద్దని గట్టిగా చెబుతాను.

ఈ వారం పని: మీరు చూస్తున్న రెండు కార్లకు ఈ లెక్క మొత్తం ఒక కాగితం మీద చేయండి, హద్దు కిలోమీటర్లు తేల్చండి, పెట్రోలు 25 శాతం పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి మళ్లీ చేయండి. అమ్మే ధర ఎంత వస్తుందో తెలియకపోతే, అదే మోడల్‌లో ఇంకో 5 ఏళ్లు పాతబడిన కార్లు ఇప్పుడు ఎంతకు పోతున్నాయో చూసి ఆ అంకె వేయండి. 4వ పాఠంలో పాత కారును చూడ్డానికి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి ఏం చూడాలి, ఏం వినాలి, మెకానిక్‌ను ఏమేం అడగాలి అనేది నేర్చుకుందాం. దానికి ఈ కాగితం కావాలి, ఎందుకంటే రిపేర్ల అంకెను అక్కడ చూసినదాన్ని బట్టి మళ్లీ దిద్దుతాం.